ఎవరికి తెలుసు, ఎప్పటి నుంచి తెలుసు?

(దోమలగూడలో ఒక ఉపాధ్యాయురాలి జ్ఞాపకార్థం ఇచ్చిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

2023 జూన్‌లో విశాఖపట్నంలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ఒక పదిహేనేళ్ల అమ్మాయిని తోటి ప్రయాణికులొకరు పలకరించారు. ఒంటరి పిల్లని తెలుసుకుని కంకిపాడు దాకా వెంట తీసుకెళ్లారు. అక్కడి హాస్టల్లో చేర్చబోతే పోలీసుల నుంచి ఉత్తరం తెమ్మన్నారు. ఆ ఉత్తరం కోసం స్టేషన్‌కు వెళ్లినప్పుడు విషయం బయటపడింది. తల్లిదండ్రులు లేని ఆ పిల్లను అయినవాళ్లు విశాఖ వెంకోజీపాలెంలోని ఒక ఆశ్రమంలో చేర్చారు. ఆశ్రమాన్ని నడిపే స్వామీజీ తనపై పదేపదే లైంగిక దాడి చేశాడని, కాళ్లకు గొలుసు వేసి గదిలో ఉంచాడని ఆమె చెప్పింది. విజయవాడ దిశ పోలీసులు పోక్సో చట్టం కింద కేసు పెట్టి ఆయనను అరెస్టు చేశారు. ఆశ్రమ భూముల కోసం తనపై కుట్ర పన్నారని ఆయన అన్నారు. నేరం జరిగిందా లేదా అన్నది తేల్చవలసింది న్యాయస్థానం.

న్యాయస్థానం ముందుకు రాని ప్రశ్న ఇంకొకటి ఉంది. అదే వ్యక్తిపై అంతకు పదేళ్ల పైచిలుకు ముందు కూడా ఇలాంటి కేసే నమోదైందని ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. అలాంటప్పుడు అనాథ పిల్లలను ఆ గోడల మధ్య ఉండనిచ్చింది ఎవరు? ఆ ఆశ్రమానికి పిల్లలను ఉంచుకునే అనుమతి ఉందా అని అడిగిన అధికారి ఎవరు, అడగని అధికారి ఎవరు? వచ్చిపోయే భక్తులలో, దాతలలో, పనివాళ్లలో ఎంతమందికి అనుమానం కలిగింది? ఛార్జిషీటులో నిందితుడి గురించి రాస్తారు. చుట్టూ ఉన్న మౌనం గురించి రాసే కాగితం మన దగ్గర లేదు.

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ ఉపాధ్యాయురాలు బడి మానేసిన పిల్ల ఇంటికి వెళ్లి, ఎందుకు రావడం లేదని తల్లిని అడిగేవారు. వచ్చిన జవాబుతో సరిపెట్టుకోకుండా ఇరుగుపొరుగును కూడా అడిగేవారు. ఆ రెండో ప్రశ్నను ప్రభుత్వం అడగాలన్నది ఈ సాయంత్రం విషయం. మతసంస్థల్లో, మతపెద్దల చేతుల్లో పిల్లలపై జరిగిన లైంగిక హింసను విచారించడానికి స్వతంత్ర కమిషన్ కావాలి. గుడి, చర్చి, మసీదు, మఠం, మదరసా, వేదపాఠశాల, అనాథాశ్రమం అన్నిటికీ అదే విచారణ, అవే నియమాలు ఉండాలి.

దోమలగూడలో ఈ మాట అనడానికి ఒక కారణం ఉంది. అటు ఇందిరా పార్కు, ఇటు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. ఇక్కడి హాస్టళ్ల నిండా పల్లెల నుంచి వచ్చిన పిల్లలే. బిడ్డను ఊరు దాటించే తల్లిదండ్రులు ముందుగా వెతికేది నమ్మకమైన మనిషి కోసం. ఫాదర్ గారి హాస్టలు, స్వామీజీ ఆశ్రమం, మౌల్వీ సాబ్ మదరసా అంటే వాళ్ల గుండె కుదుటపడుతుంది. పేదింటి పిల్ల నాలుగు అక్షరాలు నేర్చుకోవడానికి ఈ సంస్థలు చేసిన మేలు చిన్నది కాదు. దళితవాడల్లో మొదటి పలక పట్టించినవాళ్లలో మిషనరీలు ఉన్నారు. ఆ మేలు నిజం కాబట్టే, ఆ నమ్మకం మాటున జరిగే హింస మీద నోరు విప్పడం పిల్లలకు అంత కష్టమవుతుంది. దేవుడికి దగ్గరి మనిషి మీద ఫిర్యాదు చేస్తే దేవుడి మీదే చేసినట్టు అనిపిస్తుంది. చెప్పినా ఇంట్లో ముందుగా వినపడే మాట, ‘ఆయన అలాంటి మనిషి కాదు.’

హైదరాబాదు పేరు ఈ కథలో ఎక్కడ వినపడిందో చూద్దాం. 2018 అక్టోబరులో అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రం, రాపిడ్ సిటీలో ఒక యువ కాథలిక్ గురువును పోలీసులు అరెస్టు చేశారు. పదమూడేళ్ల బాలికను లైంగికంగా తాకాడన్నది అభియోగం. ఆయన హైదరాబాదు అగ్రపీఠం నుంచి అక్కడి మేత్రాసనంలో సేవకు వెళ్లినవాడు. నేరం ఒప్పుకున్నాడు. 2019లో న్యాయమూర్తి ఆరేళ్ల జైలు శిక్ష వేశారు. అరెస్టుకూ శిక్షకూ మధ్య ఏడాది కూడా పట్టలేదు. బాలిక మాట విన్నారు, పోలీసులను పిలిచారు, మేత్రాసనం విశ్వాసులకు బహిరంగంగా చెప్పింది.

ఆ వార్త ఇక్కడి పత్రికల్లో ఒకటి రెండు రోజులు వచ్చి పోయింది. ఆయన విదేశానికి వెళ్లకముందు ఏ చర్చిల్లో పనిచేశాడు, ఏ పిల్లల మధ్య తిరిగాడు, వాళ్లలో ఎవరినైనా ఎవరైనా పలకరించారా అని అడగడానికి మన దగ్గర ప్రభుత్వ యంత్రాంగం ఏదీ లేదు. ఇక్కడ ఏదో జరిగిందని దీని అర్థం కాదు. అడగడమన్నదే జరగలేదన్నది విషయం.

సరిహద్దులు దాటించడం ఈ వ్యవహారంలో పాత పద్ధతి. భారతదేశం నుంచి వెళ్లిన ఒక గురువు 2006లో ఫ్లోరిడాలోని బానిఫే అనే చిన్న ఊళ్లో పదిహేనేళ్ల బాలిక కేసులో అభియోగాన్ని ప్రతిఘటించనని కోర్టుకు చెప్పి దేశానికి తిరిగొచ్చాడు. ఆ తరువాత ఇటలీలోని టస్కనీలో ఒక చర్చిలో గురువుగా పనిచేస్తున్నాడని 2010లో అసోసియేటెడ్ ప్రెస్ వెలికితీసింది. తమిళనాడు ఊటీ మేత్రాసనానికి చెందిన మరొకరు అమెరికాలోని మిన్నెసోటాలో అభియోగాలు వచ్చేనాటికి భారత్‌లో ఉన్నాడు. ఇంటర్‌పోల్ నోటీసుతో 2012లో ఇక్కడ అరెస్టయ్యాడు, ఆ తరువాత అమెరికాకు అప్పగించారు, 2015లో నేరం ఒప్పుకున్నాడు. శిక్షాకాలం ముగిసి తిరిగొచ్చాక 2016లో ఆయనపై సస్పెన్షన్ ఎత్తేశారు. అమెరికా కోర్టుకు అతని నేరం తెలుసు. అతని చేతికి మళ్లీ గురుత్వం అప్పగించినవారికీ తెలుసు. ఇక్కడి తల్లిదండ్రులకు ఎవరు చెప్పారు?

మన చట్టాలు బలహీనమని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ఈ విషయంలో చాలా గట్టిది. విద్యాసంస్థలో గానీ మతసంస్థలో గానీ పనిచేసేవారు ఆ సంస్థలోని బిడ్డపై దాడి చేస్తే దాన్ని మామూలు నేరంగా కాక తీవ్రతరమైన నేరంగా చూడాలని 5వ సెక్షన్ పేరు పెట్టి చెబుతుంది. 2019 సవరణ తరువాత దానికి కనీస శిక్ష ఇరవై ఏళ్లు. 19వ సెక్షన్ ప్రకారం నేరం సంగతి తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలి. పాపసంకీర్తనలో విన్నామని, దీక్షలో ఉన్నామని మినహాయింపు లేదు. సంస్థాధిపతి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. స్టేట్‌మెంటు తీసుకునే పోలీసు యూనిఫారంలో ఉండరాదని, బిడ్డ ఉన్న చోటికే వెళ్లాలని 24వ సెక్షన్ చెబుతుంది.

ఇంత చట్టం ఉండి ఏమవుతున్నదో కేరళలోని కొట్టియూర్ కేసు చూపిస్తుంది. ఆ కేసు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

2017 ఫిబ్రవరిలో కన్నూరు జిల్లాలో చర్చి వర్గాలు నడిపే ఒక ఆసుపత్రిలో ఒక మైనరు బాలిక ప్రసవించింది. బిడ్డను వయనాడులోని ఒక అనాథాశ్రమానికి తరలించారు. కొద్దిరోజులకు చైల్డ్‌లైన్‌కు సమాచారం అందింది. విచారిస్తే, ఈ పని చేసింది నేనే అని బాలిక కన్నతండ్రి చెప్పాడు. చేయని నేరాన్ని, అందులోనూ అలాంటి నేరాన్ని, ఒక తండ్రి తన నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడ్డాడంటే ఆ ఇంటి మీద పడిన ఒత్తిడి ఎంతటిదో ఊహించాలి. తరువాత నిజం తెలిసింది. నేరం చేసినవాడు ఆ ఊరి చర్చి గురువు. కెనడాకు వెళ్లే ప్రయత్నంలో ఉండగా పోలీసులు పట్టుకున్నారు. 2019 ఫిబ్రవరిలో తలస్సేరి పోక్సో కోర్టు ఇరవై ఏళ్ల శిక్ష వేసింది. 2021 డిసెంబరులో హైకోర్టు దాన్ని పదేళ్లకు తగ్గించింది.

ఇక అసలు సంగతి. పిల్లల రక్షణ కోసం చట్టం పెట్టిన వయనాడు బాలల సంక్షేమ కమిటీకి అప్పుడు అధ్యక్షుడు కూడా ఒక గురువే. సమాచారం సకాలంలో పోలీసులకు చేరలేదన్న ఆరోపణతో ప్రభుత్వం ఆ కమిటీని తప్పించింది. ఆయనతో పాటు మరికొందరిని కూడా నిందితులుగా చేర్చారు. సాక్ష్యం చాలదని కోర్టు వాళ్లందరినీ విడిచిపెట్టింది. ఆ తీర్పును గౌరవించాల్సిందే. క్రిమినల్ కోర్టు ఒక మనిషి నేరాన్ని అనుమానానికి తావు లేకుండా రుజువు చేయమంటుంది, అది దాని ధర్మం. ఒక ఆసుపత్రి, ఒక అనాథాశ్రమం, ఒక ప్రభుత్వ కమిటీ అన్నీ ఒకే వర్గం మనుషుల చేతుల్లో ఉంటే ఫిర్యాదు ఎటు పోతుందన్న ప్రశ్న ఆ కోర్టు పరిధిలో లేదు. కేరళలోనూ ఆ ప్రశ్నకు జవాబు రాబట్టే కమిషన్ ఏదీ లేదు.

ముంబయిలో ఒక కాథలిక్ గురువుకు పదమూడేళ్ల బాలుడి కేసులో 2021 డిసెంబరులో యావజ్జీవ శిక్ష పడింది. నేరం 2015 నాటిది. బిడ్డ కుటుంబం ముందు వెళ్లింది చర్చి పెద్దల దగ్గరికి. తరువాతే పోలీసుల దగ్గరికి. మన ఊళ్లలోనూ ఇదే వరస. ముందు పాస్టర్ గారికి, లేదా కమిటీ పెద్దలకు చెబుతారు. వాళ్లు ‘పెద్దమనుషుల్లో పెడదాం’ అంటారు. రాజీ అవుతుంది. ఆ మనిషి మరో ఊరికి వెళ్తాడు. అక్కడా పిల్లలుంటారు.

హిందూ ఆశ్రమాల సంగతి వేరని ఎవరైనా అనుకుంటే ఆసారాం కేసు గుర్తు చేసుకోవాలి. 2013 ఆగస్టులో జోధ్‌పూర్ దగ్గరి ఆశ్రమంలో పదహారేళ్ల బాలికపై అత్యాచారం చేసినందుకు 2018 ఏప్రిల్‌లో ఆయనకు యావజ్జీవ శిక్ష పడింది. ఆ బాలిక తల్లిదండ్రులు ఆయన భక్తులు. బిడ్డను ఆయన గురుకులంలోనే చదివించారు. ఆయనపై నడిచిన కేసుల సాక్షుల్లో ముగ్గురిని కాల్చి చంపారు. ఒకరిని రాజ్‌కోట్‌లో, ఒకరిని ముజఫర్‌నగర్‌లో, ఒకరిని షాజహాన్‌పూర్‌లో. ఈ కేసులతో సంబంధమున్న సాక్షి మహేందర్ చావ్లా తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్తే, ఆ పిటిషన్ మీదే 2018 డిసెంబరులో సాక్షుల రక్షణ పథకం వచ్చింది. దేశానికంతటికీ వర్తించే సాక్షి రక్షణ పుట్టింది ఒక బాబా మీద ఒక పిల్ల చేసిన ఫిర్యాదు నుంచి. నోరు విప్పడానికి ఈ దేశంలో ఎంత ధైర్యం కావాలో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఈ నేరాలు అరుదైనవని చెప్పే వీలు కూడా లేదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడించి ఒక అధ్యయనం వెలువరించింది. సగానికి పైగా, అంటే 53.22 శాతం మంది, ఏదో ఒక రూపంలో లైంగిక హింసను ఎదుర్కొన్నామన్నారు. ఆ శాతం ఎక్కువగా ఉన్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటికి తెలంగాణ అందులో భాగం. నేరం చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, లేదా పిల్లల నమ్మకం పొందే స్థానంలో ఉన్నవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. అందులో మతసంస్థల వాటా ఎంతో విడిగా లెక్క తీసే ప్రయత్నం తరువాతా జరగలేదు.

2012కు ముందు నలిగిపోయిన పిల్లలు ఇప్పుడు ముప్పై, నలభై, యాభై ఏళ్ల మనుషులు. అప్పటి నేరాలకు పోక్సో వర్తించదు. అప్పట్లో మగపిల్లల మీద జరిగిన అత్యాచారాన్ని అత్యాచారమని పిలిచే సెక్షనే లేదు. నేరం చేసినవారిలో కొందరు చనిపోయి ఉంటారు, కాగితాలు చెదలు పట్టి ఉంటాయి. పోలీసు స్టేషన్ వీళ్లకు చేయగలిగింది తక్కువ. వీళ్లు చెప్పేది విని రాసుకుని, ప్రభుత్వ ముద్రతో అచ్చువేయగలిగింది కమిషన్ మాత్రమే.

బయటివాళ్లు వచ్చి పిల్లలతో కూర్చుని మాట్లాడితే ఏమవుతుందో బీహారు చెప్పింది. 2017లో అక్కడి ప్రభుత్వం ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు చెందిన ‘కోశిశ్’ బృందంతో పిల్లల వసతి గృహాలకు సామాజిక తనిఖీ చేయించింది. రాష్ట్రంలోని 110 సంస్థలు తిరిగారు. ముజఫర్‌పూర్ బాలికా గృహంలో పిల్లలు వాళ్లతో మాట్లాడారు. అదే గృహాన్ని అధికారులు అంతకు ముందు ఎన్నోసార్లు తనిఖీ చేసి అంతా సవ్యంగా ఉందని రాశారు. 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు ఆ గృహం నడిపినవాడికి జీవితాంతం జైలు విధించింది. దోషులుగా తేలిన 19 మందిలో జిల్లా బాలల రక్షణాధికారి, బాలల సంక్షేమ కమిటీ వాళ్లు కూడా ఉన్నారు. అది మతసంస్థ కాదు. పిల్లలను కాపాడవలసినవాళ్లే నేరంలో భాగమైనప్పుడు స్థానిక తనిఖీ దేనికీ పనికిరాదని అది రుజువు చేసింది.

కేంద్ర ప్రభుత్వం 2018లో బయటపెట్టిన మరో లెక్క ప్రకారం దేశంలోని 9,589 పిల్లల సంరక్షణ సంస్థల్లో 91 శాతం స్వచ్ఛంద సంస్థలు నడిపేవే. బాలల న్యాయ చట్టం కింద నమోదైనవి మూడోవంతు మాత్రమే. ఆ పేరు చెప్పుకోకుండా ‘గురుకులం’, ‘ఆశ్రమం’, ‘హాస్టల్’ అన్న బోర్డు పెట్టుకున్నవి ఈ లెక్కలోకే రావు.

ప్రపంచంలో ఈ పనిని అందరికంటే నిండుగా చేసింది ఆస్ట్రేలియా. న్యూ సౌత్ వేల్స్‌లో పీటర్ ఫాక్స్ అనే పోలీసు అధికారి, న్యూకాసిల్ హెరాల్డ్ విలేఖరి జోవాన్ మెకార్తీ ఏళ్ల తరబడి చేసిన పోరు ఫలితంగా 2012 నవంబరులో ప్రధాని జూలియా గిలార్డ్ రాయల్ కమిషన్ ప్రకటించారు. అయిదేళ్లు నడిచింది. ఎనిమిది వేల మందికి పైగా బాధితులు కమిషనర్లతో ఏకాంతంగా మాట్లాడారు. ప్రమాణం లేదు, అడ్డు ప్రశ్నలు వేసే వకీలు లేడు. తమకు ఏం జరిగిందో చెప్పడానికి వాళ్లకు సగటున 23.9 ఏళ్లు పట్టిందని తేలింది. పదేళ్ల పిల్ల ముప్పై నాలుగేళ్లకు గానీ చెప్పుకోలేకపోయింది అన్నమాట. 2,500కు పైగా సమాచారాలు పోలీసులకు వెళ్లాయి. 2017 డిసెంబరులో 17 సంపుటాల నివేదిక, 409 సిఫారసులు. మరుసటి ఏడాది పార్లమెంటులో జాతీయ క్షమాపణ, బాధితులకు పరిహార పథకం.

ఆ కమిషన్ కాథలిక్ చర్చితో ఆగలేదు. యూదు పాఠశాలలను అడిగింది. యెహోవా సాక్షుల సంఘాన్ని అడిగింది. 1950 తరువాత తమ సభ్యుల్లో 1,006 మందిపై వచ్చిన ఆరోపణలు ఆ సంఘం ఫైళ్లలో ఉన్నాయి, సంఘం తనంతట తాను పోలీసులకు చెప్పింది ఒక్కటీ లేదు. 2014లో మాంగ్రోవ్ మౌంటెన్‌లోని సత్యానంద యోగాశ్రమాన్ని బహిరంగ విచారణకు పిలిచింది. బీహారు ముంగేరు యోగ సంప్రదాయానికి చెందిన ఆశ్రమం అది. డెబ్బైలలో, ఎనభైలలో అక్కడ పెరిగిన పిల్లలు నడివయసు మనుషులై వచ్చి కాషాయం కట్టిన స్వామి తమకు ఏం చేశాడో చెప్పారు. భారతీయ ఆశ్రమంలో పిల్లలకు జరిగిన హింస గురించి సమగ్ర ప్రభుత్వ నివేదిక కావాలంటే ఈనాటికీ సిడ్నీ విచారణల పుటలు తిరగేయాల్సి వస్తున్నది. సొంత దేశంలో అలాంటి నివేదిక ఒక్కటీ లేకపోవడం సిగ్గుపడవలసిన సంగతి.

కమిషన్ పేరు పెట్టినంత మాత్రాన స్వతంత్రత రాదు. ఐర్లాండ్‌లో పిల్లలపై హింసను విచారించిన కమిషన్ తొలి అధ్యక్షురాలు జస్టిస్ మేరీ లాఫాయ్, ప్రభుత్వం సహకరించడం లేదని 2003లో తప్పుకున్నారు. ఆమె తరువాత జస్టిస్ షాన్ రయన్ పూర్తిచేసిన నివేదిక 2009లో వచ్చింది. కానీ క్రైస్తవ సోదరుల సంఘం కోర్టుకెక్కడంతో నేరస్థుల పేర్లు అందులో అచ్చు కాలేదు. బ్రిటన్‌లో ఇలాంటి విచారణకే 2014లో పెట్టిన తొలి అధ్యక్షురాలి సోదరుడు, విచారించవలసిన కాలంలోనే అటార్నీ జనరల్‌గా చేశారని బాధితులు ప్రశ్నిస్తే ఆమె వైదొలిగారు. రెండో ఆమెకు మాజీ హోంమంత్రితో పరిచయాలున్నాయని ఆమె కూడా తప్పుకున్నారు. జర్మనీలో 2018 అధ్యయనం చేసిన పండితులకు మేత్రాసనాల అసలు ఫైళ్లు చూపనేలేదు. చర్చి సిబ్బంది చూసి రాసిచ్చిన వివరాలే వాళ్లకు అందాయి. అయినా 3,677 మంది బాధితులు తేలారు. ఫైలు తెరిచే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే నివేదిక విలువ ఉంటుంది.

ఇక్కడ నిజాయితీగా ఎదుర్కోవలసిన అభ్యంతరం ఒకటుంది. ఈనాటి వాతావరణంలో మతసంస్థల మీద ప్రభుత్వ విచారణ అంటే క్రైస్తవ హాస్టళ్ల మీద, మదరసాల మీద దాడికి దారి వేసినట్టే అవుతుందని మైనారిటీల్లో భయం ఉంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మతమార్పిడి, విదేశీ నిధులు అన్న పేర్లతో జరిగిన తనిఖీలు వాళ్లు చూశారు. అందుకే కమిషన్ పరిధిని ఉత్తర్వులోనే గీత గీసి చెప్పాలి. పిల్లలపై లైంగిక హింస, దాన్ని దాచిన తీరు, ఇంతే. విరాళాల లెక్క అడగరాదు, మార్పిడి సంగతి ఎత్తరాదు. తొలి విడత విచారణకు పిలిచే సంస్థల్లో అన్ని మతాలవీ ఉండాలి. ఆ భయాన్ని సాకుగా పెట్టుకుని పిల్లల్ని వదిలేయడం మాత్రం కుదరదు. మైనారిటీ సంస్థల్లో నలిగిన పిల్లలూ మైనారిటీ పిల్లలే.

పరువు పోతుందని భయపడేవారికి జవాబు 1952 నాటి విచారణ కమిషన్ల చట్టంలోనే ఉంది. ఎవరి ప్రతిష్ఠకు భంగం కలిగే అవకాశముందో వారికి చెప్పుకునే హక్కును 8బి సెక్షన్ ఇస్తుంది. సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు 4వ సెక్షన్ కింద వస్తాయి. నివేదిక అందిన ఆరు నెలల్లో, ఏం చర్య తీసుకున్నారన్న వివరంతో సహా శాసనసభ ముందు పెట్టాలి. పార్లమెంటు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ మంత్రివర్గమైనా ఒక్క ఉత్తర్వుతో మొదలుపెట్టవచ్చు.

మొదలుపెట్టిన అలవాటు మనకుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగితే, తరువాతి మార్చిలోనే జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్‌తో తెలంగాణ ప్రభుత్వం కమిషన్ వేసింది. 2025లో నివేదిక వచ్చింది, శాసనసభ దాకా వెళ్లింది. 2019 డిసెంబరులో దిశ హత్యాచారం కేసు నిందితులు నలుగురి ఎన్‌కౌంటర్‌పై సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, అది నిజమైన ఎన్‌కౌంటర్ కాదని పోలీసుల మొహం మీదే రాసింది. పలుకుబడి ఉన్నవాళ్లకు వ్యతిరేకంగా కమిషన్లు రాయలేవన్న మాట మన నగరంలోనే అబద్ధమైంది.

మతం పేరిట ఆడపిల్లను బలిపెట్టడాన్ని గుర్తుపట్టడం కూడా తెలుగువాళ్లకు కొత్త కాదు. రజస్వల కాకముందే పిల్లను దేవతకిచ్చి పెళ్లిచేసి ఊరి పెద్దలకు వదిలేసే జోగిని ఆచారాన్ని, ‘ఇది మా సంప్రదాయం’ అన్నవాళ్ల నోళ్లు మూయించి, 1988లో చట్టం నిషేధించింది. ఆ చట్టం వెనక నిజామాబాద్ జిల్లా వర్నిలో జోగినుల మధ్య కూర్చుని పనిచేసిన హేమలతా లవణం లాంటివాళ్లు ఉన్నారు. వాళ్లు ముందు చేసిన పని, ఆ ఆడవాళ్లు చెప్పేది వినడం.

కాబట్టి అడగవలసింది స్పష్టంగా అడగాలి. కమిషన్‌కు అధ్యక్షత రాష్ట్రానికి బయటి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తిదై ఉండాలి. సభ్యుల్లో పిల్లల మానసిక వైద్యులొకరు, బాల్యంలో ఈ హింసను ఎదుర్కొని బయటపడినవారొకరు ఉండాలి. ఏ మతసంస్థ పాలకవర్గంలోనూ సభ్యత్వం ఉండకూడదు. బాలల సంక్షేమ కమిటీలకు కూడా ఇదే నియమం పెట్టాలి. బాధితులతో మాటలు మూసిన తలుపుల వెనక, తెలుగులో, ఉర్దూలో, లంబాడీలో, గోండిలో, వాళ్ల ఊరికి దగ్గరగా జరగాలి. పోలీసు కేసు పెట్టాలా వద్దా అన్నది పెద్దవాళ్లయిన బాధితులు తేల్చుకునేలా వకీలు సాయం అందాలి. ఇప్పుడు ప్రమాదంలో ఉన్న పిల్ల గురించి మాత్రం ఆ రోజే పోలీసులకు వెళ్లాలి. సాక్షులకు 2018 పథకం కింద రక్షణ మొదటి రోజు నుంచే ఉండాలి. సంస్థలు బదిలీల రిజిస్టర్లు తెచ్చి చూపాలి. ఎవరిని, ఎప్పుడు, ఎందుకు ఒక చోటి నుంచి మరో చోటికి పంపారో, విదేశాలకు పంపినప్పుడు ఏమని రాసిచ్చారో ఆ పుస్తకాల్లోనే దొరుకుతుంది.

మతపెద్దలకు ఒక మాట. హైదరాబాదు అగ్రపీఠాధిపతి ఆంథోనీ పూల 2022లో తొలి తెలుగు కార్డినల్ అయినప్పుడు, ఈ దేశంలో తొలి దళిత కార్డినల్ అయినప్పుడు ఈ నగరం గర్వపడింది. మఠాధిపతులు, ఇమాములు, బిషప్పులు కలిసి శాంతి సభల వేదికలు ఎక్కడం ఇక్కడివాళ్లు చూశారు. అదే పెద్దలు కలిసి, ‘మా సంస్థలను విచారించండి, మా రిజిస్టర్లు ఇవిగో’ అని ప్రభుత్వానికి ఉత్తరం రాస్తే, అభ్యంతరాల్లో సగం అక్కడే తీరిపోతాయి. ఫ్రాన్సులో అక్కడి బిషప్పులే అడిగి జాన్ మార్క్ సోవే కమిషన్ వేయించారు. 1950 నుంచి గురువుల చేతుల్లో 2,16,000 మంది పిల్లలు బలయ్యారని 2021లో ఆ కమిషన్ అంచనా కట్టినప్పుడు, ఆ లెక్కను వాళ్లు తలవంచి విన్నారు.

ఇందిరా పార్కు ధర్నా చౌక్ ఇక్కడికి నాలుగడుగుల దూరం. అక్కడ అంగన్‌వాడీ టీచర్లు, నిరుద్యోగులు, భూమి పోయిన రైతులు కూర్చున్నారు. ఈ పిల్లల తరఫున కూర్చునే సంఘం ఏదీ లేదు. వాళ్లకు ఓటు లేదు, పెద్దయ్యాక పేరు చెప్పుకునే ధైర్యం రాదు. ముఖ్యమంత్రికీ, మహిళా శిశు సంక్షేమ శాఖకూ ఇవ్వబోయే వినతిపత్రం సభ చివర తలుపు దగ్గర ఉంటుంది. అదే కాగితం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ వెళ్తుంది. సంతకం పెట్టే ముందు చదవండి, మార్చవలసినది ఉంటే రాయండి. బాల్యంలో తమకు ఇలాంటిది జరిగినవారు సంతకం పెట్టనక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు, ఈ వారం, తెలిసిన ఏ పిల్ల గురించైనా అనుమానం ఉంటే కమిషన్ కోసం ఆగకండి. 1098కి ఫోను చేయండి, లేదా దగ్గరి భరోసా కేంద్రానికి వెళ్లండి. 19వ సెక్షన్ ప్రకారం సద్బుద్ధితో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు.